ఆరవ హెన్రీ: ఊయల్లో రాజై, రెండుసార్లు సింహాసనం పోగొట్టుకున్న ఇంగ్లండ్ రాజు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ చరిత్రలో ఐదవ హెన్రీని యుద్ధవీరుడిగానూ, ఎనిమిదవ హెన్రీని ఆరు పెళ్ళిళ్ళ వల్లనూ అందరూ గుర్తుపెట్టుకుంటారు. ఆరవ హెన్రీ దగ్గరికొచ్చేసరికి "ఆ పిచ్చి రాజా?" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది అన్యాయం. దుర్మార్గుడు గద్దెనెక్కితే రాజ్యం ఏమవుతుందో మనకు తెలుసు. ఎవరికీ కీడు తలపెట్టని మనిషి, ఎవరికీ "కుదరదు" అని చెప్పలేకపోవడం వల్ల ఒక దేశం ఎలా నెత్తురోడిందో తెలియాలంటే ఈయన కథ చదవాలి.

ఆరవ హెన్రీ ఎవరు? ఎప్పుడు పాలించాడు?

1421 డిసెంబర్ 6న విండ్సర్ కోటలో పుట్టాడు. తండ్రి ఐదవ హెన్రీ, 1415లో అజాన్‌కూర్ దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని చిత్తు చేసినవాడు. తల్లి కాథరిన్, ఫ్రాన్స్ రాజు ఆరవ చార్లెస్ కూతురు. కొడుకు పుట్టేనాటికి తండ్రి ఫ్రాన్స్‌లో యుద్ధంలో ఉన్నాడు. 1422 ఆగస్టు 31న అక్కడే, పారిస్ పక్కనున్న వాన్సెన్‌లో జబ్బుచేసి చనిపోయాడు. కన్నకొడుకు ముఖం చూడనేలేదు.

హెన్రీ రెండు విడతలుగా రాజు. మొదటిది 1422 నుంచి 1461 వరకు, రెండోది 1470 అక్టోబర్ నుంచి 1471 ఏప్రిల్ వరకు. లాంకాస్టర్ వంశంలో ఈయన మూడో రాజు, ఆఖరి రాజు కూడా. ఈ వంశానికి గద్దె వారసత్వంగా సజావుగా వచ్చింది కాదు. తాత నాలుగవ హెన్రీ 1399లో తన పెదనాన్న కొడుకు రెండవ రిచర్డ్‌ను దించి కిరీటం పెట్టుకున్నాడు. ఆ పాత లెక్క మనవడి కాలంలో మళ్ళీ పైకొచ్చింది.

తొమ్మిది నెలలు నిండని పిల్లాడు రాజ్యం ఎలా ఏలాడు?

ఏలలేదు, పెద్దలు ఆయన పేరు మీద ఏలారు. పెద్ద బాబాయి బెడ్‌ఫర్డ్ డ్యూక్ జాన్ ఫ్రాన్స్ వ్యవహారాలు చూసుకున్నాడు. చిన్న బాబాయి గ్లాస్టర్ డ్యూక్ హంఫ్రీ ఇంగ్లండ్‌లో రాజ్యరక్షకుడు. తాతకు తమ్ముడి వరసైన హెన్రీ బోఫోర్ట్ చర్చిలో పెద్ద పదవిలో ఉండి, ఖజానాకు అప్పులిచ్చేంత డబ్బున్నవాడు. గ్లాస్టర్‌కూ బోఫోర్ట్‌కూ క్షణం పడేది కాదు. 1425లో ఇద్దరి మనుషులూ లండన్ బ్రిడ్జి దగ్గర ఆయుధాలతో ఎదురుబదురయ్యారు. మరుసటి ఏడు లెస్టర్‌లో పార్లమెంట్ పెట్టి కత్తులు తేవద్దంటే, సభ్యుల మనుషులు దుడ్డుకర్రలు పట్టుకొచ్చారు.

ఈ గొడవల మధ్య పసిరాజు పేరు మీదే ప్రతి ఉత్తర్వూ వెళ్ళేది. 1424లో ఆయన్ను పెంచడానికి ఆలిస్ బట్లర్ అనే పెద్దావిడను పెట్టారు. అవసరమైతే నన్ను తగుమాత్రంగా దండించే హక్కు ఆమెకు ఉంది, దానికి రేపు ఆమె మీద ఏ నేరమూ రాదు అని ఆ రాజపత్రంలో రాశారు. అంటే రెండేళ్ళ పిల్లాడు తనను కొట్టడానికి తానే రాజముద్రతో అనుమతి ఇచ్చాడన్నమాట! అంతకు ముందు సంవత్సరం నవంబర్‌లో పార్లమెంట్‌కు తీసుకెళ్తుంటే దారిలో స్టెయిన్స్ ఊళ్ళో పిల్లాడు కాళ్ళు తన్నుకుంటూ గుక్కపట్టి ఏడ్చాడు. ఎంత సముదాయించినా ముందుకు కదలనివ్వకపోతే మళ్ళీ బసకు తీసుకుపోయారు. అది ఆదివారం. సోమవారం నవ్వుతూ బయల్దేరాడు. ఆదివారంనాడు ప్రయాణం చేయకూడదని ఆ పసివాడికే తెలిసిందని జనం చెప్పుకున్నారు. అలసిపోయిన పిల్లాడి ఏడుపులో కూడా భక్తి వెతికారు పాపం.

ఫ్రాన్స్‌కు కూడా రాజు అంటారు, అదెలా?

1420 నాటి ట్రోయ్ ఒప్పందం వల్ల. ఫ్రాన్స్ రాజు ఆరవ చార్లెస్ తన కొడుకును పక్కకు నెట్టి, అల్లుడైన ఐదవ హెన్రీనే వారసుడిగా ఒప్పుకున్నాడు. అల్లుడు ముందు పోయాడు, ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే 1422 అక్టోబర్ 21న మామ పోయాడు. దాంతో ఊయల్లో ఉన్న మనవడు రెండు దేశాలకు రాజయ్యాడు. కాగితం మీద మొత్తం ఫ్రాన్స్ ఆయనదే. చేతిలో ఉన్నది మాత్రం పారిస్, నార్మండీ, వాటి చుట్టుపక్కల ఉత్తరభాగం, నైరుతిలో బోర్డో ప్రాంతం. అదీ బర్గండీ డ్యూక్ అండ ఉన్నన్నాళ్ళే. లువార్ నదికి దక్షిణాన ఎక్కువ భాగం పక్కకు నెట్టబడిన యువరాజు ఏడవ చార్లెస్‌ను రాజుగా చూసేది.

1429 నవంబర్ 6న వెస్ట్‌మిన్‌స్టర్‌లోనూ, 1431 డిసెంబర్ 16న పారిస్‌లో నోత్రదామ్‌లోనూ హెన్రీకి పట్టాభిషేకం చేశారు. ఫ్రాన్స్ గడ్డ మీద ఫ్రాన్స్ రాజుగా కిరీటం పెట్టుకున్న ఇంగ్లండ్ రాజు ఈయనొక్కడే. అప్పటికి పదేళ్ళవాడు. పారిస్‌లోకి ఊరేగింపుగా వస్తున్నప్పుడు ఒక మేడ కిటికీలో అమ్మమ్మ ఇసబో నిలబడి ఉంది. మనవడు తల మీది ముసుగు తీసి నమస్కరించాడు. ఆవిడ వంగి ప్రతినమస్కారం చేసి, ముఖం తిప్పుకుని ఏడ్చింది. తన సొంత కొడుకు హక్కు తీసి ఈ మనవడికి ఇచ్చిన ఒప్పందంలో ఆవిడ చెయ్యి కూడా ఉంది మరి.

విందు మాత్రం అభాసుపాలైంది. వంటలు మూడురోజుల ముందే వండి పెట్టారట. ఆసుపత్రిలో ఉండే బీదరోగులు కూడా మిగిలిన ఆ తిండి తిని ఇంత అధ్వానం ఎప్పుడూ చూడలేదన్నారని అప్పట్లో పారిస్‌లో ఉన్న ఒకాయన డైరీలో రాసుకున్నాడు. భోజనం విషయంలో పారిస్ జనానికి కోపం తెప్పించి రాజ్యం నిలబెట్టుకోవాలనుకోవడం పెద్ద పొరపాటే.

జోన్ ఆఫ్ ఆర్క్‌ను కాల్చి చంపింది ఈయనేనా?

ఈయన పేరు మీద చంపారు. 1429 మేలో ఓర్లియన్ ముట్టడిని విడిపించి, జూలైలో ఏడవ చార్లెస్‌కు రాన్స్‌లో పట్టాభిషేకం చేయించిన అమ్మాయి జోన్. ఆ దెబ్బకే హెన్రీకి హడావిడిగా రెండు పట్టాభిషేకాలు పెట్టుకోవాల్సి వచ్చింది. 1431 మే 30న రూవాన్‌లో ఆమెను సజీవంగా దహనం చేసినప్పుడు హెన్రీ కూడా ఆ ఊళ్ళోనే ఉన్నాడు. అప్పటికి తొమ్మిదేళ్ళు. విచారణ నడిపింది పియెర్ కోషోన్ అనే ఫ్రెంచి బిషప్. ఆమెను బంధించిన కోట అధికారి వారిక్ ఎర్ల్ రిచర్డ్ బోషాంప్. హెన్రీకి చదువూ, మర్యాదా నేర్పే బాధ్యత కూడా ఆయనదే. ఆ వయసు పిల్లాడి మీద ఈ పాపం మోపడం నాకు సరికాదనిపిస్తుంది.

పెద్దయ్యాక ఎలాంటి మనిషి?

మహాభక్తుడు, మెత్తని మనిషి. ఆయన దగ్గర పనిచేసిన మతగురువు ఒకాయన రాసిన వివరాలు ఇప్పటికీ ఉన్నాయి. ఖరీదైన బట్టలు ఇష్టపడేవాడు కాదు, నల్లని పొడుగు అంగీ, రైతులు వేసుకునేలాంటి గుండ్రని ముక్కు బూట్లు వేసుకునేవాడు. పండగరోజుల్లో కిరీటం పెట్టుకోవాల్సివస్తే లోపల ఒంటికి గుచ్చుకునే గరుకు చొక్కా తొడుక్కునేవాడు. రాజద్రోహిని చంపి, శరీరంలో ముక్కను లండన్‌లో ఒక ద్వారం మీద గుంజకు గుచ్చిపెడితే, అది చూసి బాధపడి, నా కోసం ఒక క్రైస్తవుణ్ణి ఇంత క్రూరంగా చేయకండి అని దాన్ని దింపించేశాడు. ఆ రోజుల్లో ఒక రాజు అలా అనడం చాలా అరుదు. ఈ కథల్లో భక్తి పాలు ఎక్కువే, అయినా రాజు స్వభావం గురించి వేరేచోట్ల కనిపించేదానికి ఇవి విరుద్ధంగా లేవు.

అయితే ఆయన చేతికి ఎముక లేదు. 1437లో అధికారం సొంతంగా చేతికొచ్చినప్పటి నుంచి ఎవరొచ్చి అర్జీ పెట్టుకున్నా సంతకం చేసేవాడు. 1438లో మంత్రిమండలి గుమాస్తా రాసుకున్న చీటీ ఒకటి మిగిలింది. క్షమాభిక్షలు ఇచ్చేటప్పుడు జాగ్రత్తగా ఉండమని రాజుకు చెప్పాలి, ఒక సుంకం అధికారిని క్షమించినందుకు ఖజానాకు 2000 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) పోయాయి అని అందులో ఉంది. చెప్పారో లేదో గానీ, ఆయన మారలేదు. 1441లో కార్న్‌వాల్ ఎస్టేట్ల అజమాయిషీ డెవన్ ఎర్ల్‌కు రాసిచ్చాడు. దాదాపు అదే పదవి అప్పటికే విలియం బాన్‌విల్‌ అనే దొర చేతిలో జీవితాంతం ఉండేలా ఇచ్చి ఉంది. ఆ రెండు కుటుంబాలూ ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఒకరి ఊళ్ళ మీద ఒకరు పడి కొట్టుకున్నాయి. బాన్‌విల్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక్కడొక సంగతి అర్థం చేసుకోవాలి. ఆ కాలపు ఇంగ్లండ్‌లో పార్లమెంట్ ఉంది, మంత్రిమండలి ఉంది, కోర్టులున్నాయి. కానీ ఇద్దరు పెద్ద దొరలు తగువుపడితే తీర్పు చెప్పి ఇద్దరి చేతా ఒప్పించగలిగేది రాజొక్కడే. ఆ ఒక్క కుర్చీలో కూర్చున్నవాడు గట్టిగా మాట్లాడకపోతే ఆ పని ఇంకెవరూ చేయలేరు. మంచితనంతో ఆ లోటు పూడదు.

మార్గరెట్‌తో పెళ్ళి మీద అంత గొడవ ఎందుకయ్యింది?

యుద్ధంతో విసిగిపోయిన హెన్రీ శాంతి కావాలనుకున్నాడు. ఆయనకు నమ్మకస్తుడైన సఫోక్ ఎర్ల్ విలియం డి లా పోల్ 1444లో టూర్‌లో కొద్దికాలం సంధి, దానితోపాటు ఆంజూ డ్యూక్ రెనే కూతురు మార్గరెట్‌తో సంబంధం కుదిర్చాడు. ఏడవ చార్లెస్ భార్యకు ఆమె మేనకోడలు. 1445 ఏప్రిల్ 23న టిచ్‌ఫీల్డ్ మఠంలో పెళ్ళి. ఆయనకు 23, ఆమెకు 15. కానుకల్లో ఒక సింహం కూడా వచ్చిందట, దాన్ని టవర్ ఆఫ్ లండన్‌లో ఉన్న జంతుశాలకు పంపేశారు.

పెళ్ళికూతురితో పాటు చెప్పుకోదగ్గ కట్నం రాలేదు. అది పోనీ అనుకుంటే, ఆ ఏడాది డిసెంబర్‌లో హెన్రీ ఫ్రాన్స్ రాజుకు ఉత్తరం రాస్తూ మెయిన్ ప్రాంతాన్ని తిరిగి ఇచ్చేస్తానని మాటిచ్చేశాడు. తన మనుషులు నెత్తురు పోసి గెలిచిన నేల అది. బదులుగా శాశ్వత శాంతి కూడా రాలేదు. 1448లో అక్కడి ల మాన్స్ కోట అప్పగించాల్సి వచ్చేసరికి ఇంగ్లండ్‌లో జనం మండిపడ్డారు. నిందంతా సఫోక్ మీదా, రాణి మీదా పడింది. మాటిచ్చింది మాత్రం రాజే.

శాంతికి అడ్డం తగిలే బాబాయి గ్లాస్టర్‌ను 1447 ఫిబ్రవరిలో బెరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో అరెస్టు చేశారు. కొద్దిరోజుల్లోనే కస్టడీలో చనిపోయాడు. చంపారనే జనం నమ్మారు.

ఫ్రాన్స్ ఎప్పుడు, ఎలా చేజారింది?

మొదటి పెద్ద దెబ్బ 1435లో. ఆ సెప్టెంబర్‌లో ఒక్క వారం వ్యవధిలో బెడ్‌ఫర్డ్ చనిపోయాడు, బర్గండీ డ్యూక్ ఫ్రాన్స్ పక్షానికి మారిపోయాడు. మరుసటి ఏప్రిల్‌కి పారిస్ పోయింది. తర్వాత పదేళ్ళపైన నార్మండీని ఎలాగో నెట్టుకొచ్చారు. 1449 మార్చిలో ఇంగ్లండ్ తరఫు దళం ఒకటి బ్రిటనీలో ఫూజేర్ పట్టణాన్ని దోచి సంధిని తెంచింది. ఏడవ చార్లెస్ ఎదురుచూస్తున్నది అదే. అప్పటికే కొత్త సైన్యం, మంచి ఫిరంగులు సిద్ధం చేసుకున్నాడు. అక్టోబర్‌లో రూవాన్, 1450 ఏప్రిల్ 15న ఫార్మిన్యీ యుద్ధం, ఆగస్టులో షెర్బూర్గ్. ఐదవ హెన్రీ ఏళ్ళ తరబడి గెలిచిన నార్మండీ ఏడాదిలో అయిపోయింది. 1453 జూలై 17న కాస్టియోన్ దగ్గర ముసలి సేనాని జాన్ టాల్బట్ ఫిరంగుల కెదురెళ్ళి చచ్చిపోవడంతో బోర్డో కూడా పోయింది. ఇక మిగిలింది కలే అనే రేవుపట్టణం ఒక్కటే.

తప్పంతా హెన్రీదే అనను. ఆ యుద్ధానికి సరిపడా డబ్బు ఇంగ్లండ్ దగ్గర ఎప్పుడూ లేదు. కానీ 39 ఏళ్ళ మొదటి పాలనలో ఆయన సైన్యం ముందు నిలబడి ఫ్రాన్స్ మీదికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆ కాలంలో దాన్ని ఎవరూ క్షమించరు.

1450లో ఏం జరిగింది?

కొంపలంటుకున్నాయి. ఖజానా అప్పు £3,72,000కు చేరిందని పార్లమెంట్‌కు లెక్క చెప్పారు. రాజు ఇంటి ఖర్చే ఏడాదికి £24,000, మామూలు రాబడి £5,000. జీతాలందని సిపాయిలు జనవరిలో పోర్ట్స్‌మత్‌లో ఒక బిషప్‌ను చంపారు. అప్పటికి డ్యూక్ అయిన సఫోక్ మీద పార్లమెంట్ నేరారోపణ చేస్తే, ప్రాణం కాపాడదామని హెన్రీ ఐదేళ్ళు దేశబహిష్కారం వేశాడు. సముద్రంలో ఆయన ఓడను అడ్డగించి, చిన్న పడవలోకి దింపి, తుప్పు కత్తితో అరడజను వేట్లు వేసి తల తీశారు. మొండెం డోవర్ ఇసుకలో పడేశారు. రాజు ఇచ్చిన శిక్షను లెక్కచేయకుండా రాజు ప్రజలే వేరే శిక్ష వేశారు. రాజు మాటకు ఆపాటి విలువ మిగిలిందన్నమాట.

మే నెలలో కెంట్ ప్రాంతం జాక్ కేడ్ నాయకత్వంలో లేచింది. వీళ్ళు రాజు మీద ద్వేషంతో రాలేదు. రాజు చుట్టూ చేరి తింటున్నవాళ్ళను తీసేయమన్నారు. హెన్రీ లండన్ వదిలి కెనిల్‌వర్త్‌కు వెళ్ళిపోయాడు. ఉండమని నగర పెద్దలు బతిమాలినా వినలేదు. కేడ్ జూలై 3న నగరంలోకి వచ్చి, ఖజానా పెద్ద లార్డ్ సే తల నరికించాడు. తర్వాత దోపిడీ మొదలవడంతో లండన్ జనమే తిరగబడి, రాత్రంతా బ్రిడ్జి మీద పోరాడి వాళ్ళను బయటికి నెట్టారు. అదే రోజుల్లో హెన్రీకి పెళ్ళి చేసిన సాల్స్‌బరీ బిషప్ ఐస్కోను సొంత జనమే చర్చి నుంచి ఈడ్చుకెళ్ళి చంపారు.

ఆయనకు వచ్చిన జబ్బు ఏమిటి?

1453 ఆగస్టులో క్లారెండన్ దగ్గర వేటమందిరంలో ఉండగా ఉన్నట్టుండి మనిషి మూగబోయాడు. ఎవరినీ గుర్తుపట్టడు, మాట్లాడడు, తనంతట తాను లేవడు. తినిపించాలి, పట్టుకుని నడిపించాలి. బోర్డో ఆశలు గల్లంతైన వార్త వచ్చిన రోజులవి. దాదాపు పదిహేడు నెలలు అలాగే ఉన్నాడు.

ఆ అక్టోబర్ 13న పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు రాణికి కొడుకు పుట్టాడు. జనవరిలో విండ్సర్‌కు తెచ్చారు. బకింగ్‌హమ్ డ్యూక్ పిల్లాణ్ణి చేతుల్లోకి తీసుకుని రాజు ముందు పెట్టి, ఆశీర్వదించమని అడిగాడు. ఉలుకూ పలుకూ లేదు. ఆయన చాలాసేపు అక్కడే ఉండి చూశాడు. తర్వాత రాణి స్వయంగా బిడ్డను ఎత్తుకొచ్చి అలాగే అడిగింది. రాజు ఒక్కసారి బిడ్డవైపు చూసి, మళ్ళీ కళ్ళు కిందికి దించేసుకున్నాడు. అంతే. ఆ గదిలో ఉన్నవాళ్ళకు ఎంత టెన్షన్‌గా ఉండుంటుందో ఊహించండి. వారసుడిని రాజు గుర్తిస్తేనే వారసుడు.

మార్చిలో ఛాన్సలర్, అంటే రాజముద్ర చేతిలో ఉండే పెద్దమంత్రి, చనిపోతే, కొత్తవాణ్ణి ఎవరిని పెట్టాలో అడగడానికి దొరలు విండ్సర్ వెళ్ళారు. రాజు భోంచేసేదాకా ఆగి అడిగారు. జవాబు లేదు. బయటికెళ్ళి వాళ్ళు భోంచేసి వచ్చి మళ్ళీ అడిగారు. లేదు. ఇద్దరు మనుషులు చెరోపక్క పట్టుకుని పడకగదికి తీసుకెళ్తే, అక్కడ మూడోసారి అడిగారు. ఒక్క సైగ కూడా చేయలేదు. ఇక తప్పక, రాజు దాయాది అయిన యార్క్ డ్యూక్ రిచర్డ్‌ను రాజ్యరక్షకుడిగా పెట్టారు.

1454 క్రిస్మస్‌కు తెలివొచ్చింది. డిసెంబర్ 30న రాణి మళ్ళీ బిడ్డను తెచ్చింది. పేరేమిటని అడిగాడు. ఎడ్వర్డ్ అని చెప్తే రెండు చేతులూ పైకెత్తి దేవుడికి దండం పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఏం జరిగిందో, ఎక్కడున్నాడో తనకేమీ తెలియదన్నాడు.

తాత ఆరవ చార్లెస్‌కు కూడా మతి చలించేది, ఒకప్పుడు తాను గాజుతో చేసిన మనిషినని, ముట్టుకుంటే పగిలిపోతానని భయపడేవాడు. కాబట్టి తల్లివైపు నుంచి వచ్చిన మానసిక వ్యాధి అన్నది ఎక్కువమంది అభిప్రాయం. ఆరువందల ఏళ్ళనాటి రోగికి కచ్చితమైన పేరు పెట్టడం కుదరదు. ఆయన్ను "పిచ్చి రాజు" అనడం మాత్రం మానాలి. జబ్బు మనిషిది తప్పు కాదు.

పుట్టిన కొడుకు ఆయన కొడుకేనా?

హెన్రీ తన కొడుకేనని చెప్పాడు. అనుమానాలు పుట్టించి ప్రచారం చేసింది యార్క్ పక్షం, వాళ్ళకు దానివల్ల లాభం ఉంది. నేనైతే తండ్రి మాటనే నమ్ముతాను.

గులాబీల యుద్ధాలు ఈయన వల్లే మొదలయ్యాయా?

లాంకాస్టర్, యార్క్ వంశాలు గద్దె కోసం చేసుకున్న యుద్ధాలవి. ఈయన వల్లేనా అంటే, చాలావరకు అవును. తెలివొచ్చాక యార్క్‌ను పక్కనపెట్టి, ఫ్రాన్స్ పోవడానికి కారకుడని యార్క్ నిందించే సోమర్‌సెట్ డ్యూక్‌ను జైలు నుంచి తెచ్చి మళ్ళీ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 1455 మే 22న సెయింట్ ఆల్బన్స్ వీధుల్లో కొట్లాట జరిగింది. సోమర్‌సెట్ చచ్చాడు. జెండా కింద నిలబడ్డ రాజుకు మెడ మీద బాణం తగిలింది. పక్కనున్న తోళ్ళు ఊనేవాడి ఇంట్లోకి తీసుకెళ్ళారు. యార్క్ అక్కడికే వచ్చి మోకాళ్ళ మీద పడి క్షమించమన్నాడు. క్షమించాడు.

1458 మార్చి 25న ఆయన మనసుపడి చేసిన పని ఒకటుంది. చచ్చిపోయినవాళ్ళ కొడుకులనూ, చంపినవాళ్ళనూ జతలు జతలుగా చేతులు పట్టించి సెయింట్ పాల్ చర్చికి నడిపించాడు. రాణి, యార్క్ పక్కపక్కన. ముందు హెన్రీ కిరీటంతో. ఆయన నిజంగా నమ్మాడు. మిగతావాళ్ళు ఇళ్ళకెళ్ళి మనుషులను పోగేసుకున్నారు.

తర్వాతివి చకచకా జరిగాయి. 1460 జూలైలో నార్తాంప్టన్ దగ్గర గుడారంలో కూర్చున్న రాజును యార్క్ పక్షం పట్టుకుంది. గద్దె మీద హక్కు తనదేనని యార్క్ అడగడంతో అక్టోబర్‌లో ఒక రాజీ: హెన్రీ బతికున్నంతకాలం ఆయనే రాజు, తర్వాత యార్క్, అతని పిల్లలు. అంటే సొంత కొడుకు హక్కు రాసిచ్చేశాడు. మార్గరెట్ ఒప్పుకోలేదు. డిసెంబర్ 30న వేక్‌ఫీల్డ్ దగ్గర యార్క్‌ను చంపి, తలకు కాగితపు కిరీటం పెట్టి యార్క్ నగరద్వారానికి తగిలించారు.

1461 ఫిబ్రవరి 17న సెయింట్ ఆల్బన్స్‌లో రెండో యుద్ధం. ఈసారి రాణి పక్షం గెలిచి రాజును విడిపించింది. ఆయనకు కాపలాగా ఇద్దరు ఆగిపోయారు, ఒకరు పైన చెప్పిన బాన్‌విల్. మీకేం కాదని రాజు మాటిచ్చాడు. మరునాడు వాళ్ళ తలలు తీశారు. తీర్పు ఏడేళ్ళ కొడుకు చేత చెప్పించారు. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. తన మాట మీద తన ఇంట్లోవాళ్ళకే గురి లేదు.

మార్చి 29న, మట్టల ఆదివారం నాడు, మంచు తుపానులో టౌటన్ దగ్గర జరిగిన యుద్ధంలో లాంకాస్టర్ పక్షం తుడిచిపెట్టుకుపోయింది. యార్క్ పెద్దకొడుకు నాలుగవ ఎడ్వర్డ్ అప్పటికే రాజుగా ప్రకటించుకున్నాడు.

మార్గరెట్ అంత క్రూరురాలా?

మొగుడు ఆ స్థితిలో ఉంటే, చంటిబిడ్డ హక్కు కోసం నిలబడింది. అదే పని మగవాడు చేస్తే పౌరుషం అనేవారు. ఆమె సైన్యం ఉత్తరం నుంచి వస్తూ దారిలో ఊళ్ళు దోచిన మాట నిజం, దానివల్లే లండన్ ఆమెకు తలుపులు తెరవలేదు.

రాజ్యం పోయాక ఎక్కడున్నాడు?

మొదట స్కాట్లండ్‌లో. ఆశ్రయానికి బదులుగా సరిహద్దు పట్టణం బెర్విక్ ఇచ్చేశారు. 1464లో హెక్సమ్ యుద్ధం తర్వాత ఉత్తర ఇంగ్లండ్‌లో అభిమానుల ఇళ్ళల్లో తలదాచుకుంటూ ఏడాదిపైన తిరిగాడు. 1465 జూలైలో క్లిథరో దగ్గర రిబుల్ నది దాటేచోట దొరికిపోయాడు. కాళ్ళు గుర్రపు రికాబులకు కట్టి లండన్ తెచ్చి టవర్ కోటలో బంధించారు. అక్కడ ఐదేళ్ళు.

మళ్ళీ రాజు ఎలా అయ్యాడు?

ఎడ్వర్డ్‌ను గద్దెనెక్కించిన వారిక్ ఎర్ల్ రిచర్డ్ నెవిల్ అతనితో చెడి, ఫ్రాన్స్ వెళ్ళి బద్ధశత్రువైన మార్గరెట్‌తో చేతులు కలిపాడు. 1470 అక్టోబర్‌లో ఎడ్వర్డ్ పారిపోగానే హెన్రీని టవర్ నుంచి బయటికి తెచ్చారు. రాజుకు తగ్గ బట్టల్లేవు, శుభ్రంగా కూడా ఉంచలేదు అని అప్పటివాళ్ళు రాశారు. స్నానం చేయించి, కొత్తబట్టలు వేసి కూర్చోబెట్టారు.

ఆరునెలలకే ఎడ్వర్డ్ తిరిగొచ్చాడు. లండన్ జనంలో ఉత్సాహం నింపుదామని 1471 ఏప్రిల్‌లో హెన్రీని వీధుల్లో తిప్పారు. పొడుగాటి పాత నీలంరంగు గౌను, ఇంకోటి లేదేమో అన్నట్టు. యార్క్ ఆర్చిబిషప్ దారిపొడుగునా ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాడు. చూసినవాళ్ళకు ఉత్సాహం రాలేదు, ఉన్న కాస్త ఆశా పోయింది. ఎడ్వర్డ్ నగరంలోకి వచ్చినప్పుడు హెన్రీ అతన్ని కౌగిలించుకుని, నీ చేతుల్లో నా ప్రాణానికి ప్రమాదం లేదని నాకు తెలుసు అన్నాడని చెప్తారు.

ఎలా చనిపోయాడు?

ఏప్రిల్ 14న బార్నెట్‌లో వారిక్ చచ్చాడు. మే 4న ట్యూక్స్‌బరీలో పదిహేడేళ్ళ కొడుకు ఎడ్వర్డ్ చచ్చాడు. కొడుకున్నంతకాలం తండ్రిని చంపి లాభం లేదు, ఇప్పుడు ఆ అడ్డం తొలగింది. నాలుగవ ఎడ్వర్డ్ లండన్ చేరిన రోజు, మే 21 రాత్రి, టవర్‌లో హెన్రీ ప్రాణం పోయింది. కొడుకు పోయిన దిగులుతో చనిపోయాడని ప్రభుత్వం చెప్పింది. ఎవరూ నమ్మలేదు, నేనూ నమ్మను. ఆ రాత్రి ఎడ్వర్డ్ తమ్ముడు రిచర్డ్, అంటే తర్వాతి మూడవ రిచర్డ్, టవర్‌లో ఉన్నాడని ఒక రచయిత రాశాడు. కత్తి ఎవరు పట్టుకున్నా ఆజ్ఞ ఇవ్వగలిగింది రాజు ఒక్కడే.

శవాన్ని చెర్ట్‌సీ మఠంలో పాతారు. 1484లో మూడవ రిచర్డే విండ్సర్‌కు మార్పించాడు. 1910లో సమాధి తెరిచి చూస్తే పుర్రె ఎముకలు విరిగి ఉన్నాయి, గోధుమరంగు జుట్టు ఒకచోట నెత్తురు అంటుకున్నట్టు నల్లబడి ఉంది.

ఆయన్ను దేవుడిలా కొలిచారా?

కొలిచారు, అదీ మామూలుగా కాదు. చెర్ట్‌సీకీ, తర్వాత విండ్సర్‌కూ జనం బారులు తీరారు. కష్టం వస్తే వెండి నాణేన్ని వంచి హెన్రీ పేరున మొక్కుకునేవారు, మనం పసుపుగుడ్డలో ముడుపు కట్టినట్టు. గొంతులో బిళ్ళ అడ్డుపడిన పసిబిడ్డ బతికిందని, ఉరితీసిన నిర్దోషి తాడుకూ మెడకూ మధ్య హెన్రీ చెయ్యి పెట్టడంతో ప్రాణంతో బయటపడ్డాడని ఇలా వందల మహిమలు రాసిపెట్టారు. ఏడవ హెన్రీ ఆయన్ను సెయింట్‌గా ప్రకటించమని పోప్‌లను అడిగాడు. పని తేలేలోపు ఎనిమిదవ హెన్రీ రోమ్‌తో తెగదెంపులు చేసుకున్నాడు, ఫైలు అక్కడే ఆగింది.

బతికుండగా ఏ సాయమూ చేయలేకపోయిన రాజును చచ్చాక సాయమడగడం వింతగా తోచవచ్చు. నాకు తోచదు. కొడుకును పోగొట్టుకుని, జైల్లో మగ్గి, అన్యాయంగా చచ్చిన మనిషికి తమ కష్టం అర్థమవుతుందని పేదజనం అనుకున్నారు.

ట్యూడర్లకు ఈయనకు బంధుత్వం ఏమిటి?

తల్లి కాథరిన్ భర్త పోయాక ఓవెన్ ట్యూడర్ అనే వేల్స్ మనిషిని చేసుకుంది. వాళ్ళ కొడుకులు ఎడ్మండ్, జాస్పర్ హెన్రీకి తల్లి తరఫు తమ్ముళ్ళు. వాళ్ళను ఆయన చేరదీసి ఎర్ల్‌లను చేశాడు. ఎడ్మండ్ కొడుకే 1485లో గద్దెనెక్కిన ఏడవ హెన్రీ, ట్యూడర్ వంశంలో మొదటి రాజు.

ఆయన కట్టించినవి ఇప్పటికీ ఉన్నాయా?

ఉన్నాయి. 1440లో ఈటన్ కాలేజీ, 1441లో కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీ. ఈటన్‌లో 70 మంది పేదపిల్లలకు ఉచితంగా చదువు, అక్కడినుంచి కింగ్స్‌కు, ఇదీ ఏర్పాటు. ఈ ఒక్క పనిలో మాత్రం ఆయన పట్టుదల వేరు. 1446 జూలై 25న కింగ్స్ ప్రార్థనామందిరానికి స్వయంగా శంకుస్థాపన చేశాడు. పొడవు 288 అడుగులు, వెడల్పు 40 అడుగులు ఉండాలని, పనితనం ఎలా ఉండాలో కూడా రాయించాడు. యుద్ధాలతో పని ఆగి ఆగి, రాతిపని పూర్తయ్యేసరికి 1515 అయింది. గద్దెనెక్కిన కొత్తలో నాలుగవ ఎడ్వర్డ్ ఈటన్‌ను మూసేయించబోయాడు, చివరికి వదిలేశాడు.

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళు ఏమేం చూడొచ్చు?

కేంబ్రిడ్జి వెళ్తే కింగ్స్ కాలేజీ చాపెల్ తప్పకుండా చూడండి. విసనకర్రలా విచ్చుకున్న ఆ రాతి కప్పు కింద కాసేపు కూర్చుంటే చాలు. విండ్సర్ కోటలో సెయింట్ జార్జి చాపెల్‌లో ఒకపక్క హెన్రీ సమాధి, దానికి ఎదురుపక్క నాలుగవ ఎడ్వర్డ్ సమాధి ఉన్నాయి. హెన్రీ సమాధి దగ్గర యాత్రికుల కోసం పెట్టిన పాత ఇనుప హుండీని వెతికి చూడండి, చాలామంది గమనించకుండా దాటిపోతారు. విండ్సర్ నుంచి థేమ్స్ మీద వంతెన దాటితే ఈటన్. అక్కడి చాపెల్ పెద్దదిగా కనిపిస్తుంది గానీ, హెన్రీ తలపెట్టినదాంట్లో అది ఒక భాగం మాత్రమే. టవర్ ఆఫ్ లండన్‌లో వేక్‌ఫీల్డ్ టవర్ పైగదిలో ఆయన చనిపోయినట్టు చెప్పే చోటుంది. ఏటా మే 21న ఈటన్ వాళ్ళు లిల్లీలు, కింగ్స్ వాళ్ళు గులాబీలు తెచ్చి అక్కడ పెడతారు.